బ్రాక్స్‌బీ దీవి

ఉలాయుక్ తోలు గీకేటప్పుడు ఆమెతో మాట్లాడటం దండగ. నేల మీద కాళ్ళు బారజాపి, ఒళ్ళో చెక్కపలక పెట్టుకుని, దాని మీద సీల్ అనే సముద్ర జంతువు తోలు పరిచి, అర్ధచంద్రం లాంటి ఉలూ కత్తితో కొవ్వును ముందుకి తోసుకుంటూ పోతుంది. కొవ్వు మీగడలా మడతలు పడి పళ్ళెంలోకి జారుతుంది. డెబ్బై ఏళ్ళ చేతులవి. తోలుకు చిల్లు పడటమన్నది ఆ చేతులు ఎరగవు. చిన్నతనంలో ఒక్కసారి పడిందట. అప్పుడు వాళ్ళమ్మ ఆ తోలునే తీసి మొహాన కొట్టిందట.

సంగతి తెలిసి కూడా లేయా మాట్లాడుతూనే ఉంది. ఉత్తరధ్రువం అంచున కంగిక్ ఊరి ఆఫీసులో దుబాసీ ఉద్యోగం ఆమెది. పగలంతా తెల్లవాళ్ళ మాట మనవాళ్ళకీ, మనవాళ్ళ మాట తెల్లవాళ్ళకీ చేరవేసి ఇల్లు చేరేసరికి నోరు పడిపోయి ఉండాలి. ఇవాళ ఇంకా మాటలు మిగిలే ఉన్నాయి.

"ఎల్లుండే విమానం వస్తోందమ్మా. పేర్ల కమిటీ వాళ్ళు. ఆ బ్రాక్స్‌బీ కూతురు కూడా వస్తోందట. రానీ. ఆవిడ ఎదురుగానే వాళ్ళ నాన్న డైరీ చదువుతాను. వింటున్నావా?"

"చెవులు చేతుల్లో లేవుగా."

లేయా గోడవారనున్న పెద్ద అట్టను తీసి నిలబెట్టింది. మన లిపిలో ఒకసారి, తెల్లవాళ్ళ లిపిలో ఒకసారి, ఎర్ర రంగుతో రాసి ఉంది. కౌనాక్ దీవి. కింద దీవి బొమ్మ. తల బల్లపరుపు, తూర్పున ఎర్రటి కొండచరియ, నడుమ ఏ ఎండకీ కరగని మంచు. మబ్బు లేని రోజు ఊరి వెనక గుట్ట ఎక్కితే పడమట జలసంధి అవతల అది అచ్చం అలాగే కనిపిస్తుంది. అక్కడ నాచు కూడా సరిగా పట్టదు. పక్షి వాలినా గుడ్డు పెట్టదు.

"సర్కారు పటంలో ఇంతకాలం దానికి అంకె తప్ప పేరు లేదు. ఇప్పుడు పెడతారట, మొదట అడుగుపెట్టి కొలిచింది సార్జెంటు బ్రాక్స్‌బీ అని ఆయన పేరు! కుక్కల బండి తోలింది ఎవరు? దారి చూపింది ఎవరు? నాన్న పేరు పెట్టిస్తానమ్మా. ఓడల వాళ్ళ పటాల్లో, బడి పటాల్లో, అన్నిట్లో. లోకం ఉన్నంతకాలం ఉంటుంది."

మనవాళ్ళు ఔనంటే కనుబొమలెత్తుతారు, కాదంటే ముక్కు ముడుస్తారు. నోటికి పని తక్కువ. ఉలాయుక్ కనుబొమలు లేవలేదు, ముక్కూ ముడుచుకోలేదు.

"నరాల దారం నానబెట్టావా?" అంది.

రెండేళ్ళుగా ఇదే వరస. ఎన్ని అర్జీలు రాసినా, ఎన్ని సంతకాలు సేకరించినా తల్లి ఔననలేదు, కాదనలేదు. లేయా దాన్ని సరేననే లెక్క వేసుకుంది. తొమ్మిదేళ్ళు తెల్లవాళ్ళ హాస్టలు బళ్ళో చదివినదానికి మౌనం అర్ధాంగీకారమే. కంగిక్‌లో మౌనం అంటే మౌనమే. పెద్దదైన మనిషి ఒక కోరిక పెట్టుకుంటే, కన్నతల్లయినా సరే, దానికి అడ్డు తగలడం మర్యాద కాదు. అంతకుమించి దాన్లో అంగీకారమేమీ లేదు.

తలుపు ధడాలున తెరుచుకుంది. లేయా కూతురు, ఎనిమిదేళ్ళ జేనీ చలినంతా వెంటేసుకుని లోపలికొచ్చింది.

"ఏమయ్యా, మళ్ళీ తడుపుకొచ్చావా బూట్లు? కుట్టిపెట్టడానికి నేనొకత్తెను దొరికాను నీకు!" అంది ఉలాయుక్.

"అరవకే. మొగుడికి ఆకలేస్తోంది, మాంసం పెట్టు," అంది జేనీ నడుం మీద చేతులు పెట్టుకుని.

బూటు అట్టలు మెత్తబడాలని నమిలి నమిలి అరిగిపోయిన పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది ముసలమ్మ.

జేనీ అన్నది బడిపేరు. అమ్మమ్మ పెట్టిన పేరు కౌనాక్. పేరుకి ఆడామగా లేదు. పోయినవాడి పేరు ఏ బిడ్డకి పెడితే ఆ బిడ్డలో అతను ఉన్నట్టే. భర్త కౌనాక్ మంచు కింద పోయాక ఇరవై ఏళ్ళు ఆ పేరు ఎవరికీ పెట్టనివ్వలేదు ఉలాయుక్. శవం దొరకలేదు, మనిషింకా ఆ చలిలోనే ఉన్నాడు, ఎలా పెడతాం అనేది. లేయాకి ఆడపిల్ల పుట్టిన రోజు, బిడ్డ మొహంలోకి చాలాసేపు చూసి "ఇంటికొచ్చాడు" అంది. ఆనాటి నుంచి మనవరాలే ఆమె మొగుడు. తండ్రి పేరు మోసే బిడ్డని లేయా కూడా నాన్నా అనే పిలవాలి. కానీ టీచరమ్మ నవ్వుతుందేమోనని మొదట్లో మొహమాటపడింది. తర్వాత ఆ పిలుపు నోటికి రానేలేదు.

జేనీ అట్ట ముందు ఆగింది. వేలుతో ఒక్కో అక్షరం తడిమింది. "కౌ... నా... క్. నా పేరే! ఈ దీవి నాదా?"

"తాతయ్యది," అంది లేయా.

"తాతయ్యని నేనే కదా?"

"అవుననుకో..."

"అయితే నేనక్కడికి పోవాలి కదా?"

కత్తి చప్పుడు ఆగింది. ఉలాయుక్ తోలు ఎత్తి కిటికీ వెలుగుకి పట్టి చూసింది. నడుమ వేలిగోరంత చిల్లు. దాంట్లోంచి ఎండ సూదిలా ఆమె బుగ్గ మీద పడింది. తోలు మడిచి పక్కన పెట్టి, ఆ రోజుకి పని చాలించింది.

మర్నాడు లేయా ఇల్లిల్లూ తిరిగి మీటింగుకి పిలిచింది. పౌలూసీ ఇంటి ముందు మంచులో మోకాళ్ళ మీద కూర్చుని, మంచు మీద ఈడ్చే చెక్కబండి బాగుచేస్తున్నాడు. ఒకప్పుడు కౌనాక్‌కి వేట జోడీ అతను. అడ్డచెక్కలకు మేకులు కొట్టడు. తాడుతో రెండు చుట్లు చుట్టి, పళ్ళతో బిగించి ముడేస్తాడు. మేకులు కొట్టిన బండి గతుకుల్లో విరుగుతుంది, కట్టిన బండి ఒంగి లేస్తుంది.

"మామయ్యా, రేపు మీటింగుకి వస్తావుగా?"

"వాతావరణం బాగుంటే."

"మీటింగు హాల్లో కదా!"

"హాలుకి నడిచేగా రావాలి?" తాడు కొస నోట్లోంచి తీసి, "పిల్ల బాగుందా?" అన్నాడు.

"బానే ఉంది. మామయ్యా, ఆ దీవికి పెద్దల నాటి పేరు ఏదన్నా ఉందా? వాళ్ళు తప్పకుండా అడుగుతారు."

పౌలూసీ చేతి తొడుగు తీసి మంచు మీద వేలితో తీరం గీశాడు. ఒక్కో వంపు దగ్గర ఆగి పేరు చెప్పాడు. "ఇది చేపలకి రాతికట్ట కట్టేచోటు. ఇది కడుపుతో ఉన్నట్టుండేది. ఇక్కడ మాంసం దాస్తాం, దాచిపెట్టింది అంటాం. ఇది గాలికి వీపు. ఇది మీ అమ్మావాళ్ళు ఆకలితో బూట్లు తిన్నచోటు. దాన్ని బూట్లు లేనిది అంటాం..." అలా నలభై దాకా చెప్పాడు. జలసంధి దగ్గర వేలు నిలిచింది. "ఇది ముందుగా చీలేది. పైన మంచు గట్టిగానే ఉంటుంది, కింద నీళ్ళు నిద్రపోవు. అడుగునుంచి కొరికేస్తాయి."

"అవతల దీవి?"

"దానికి పేరు లేదు. పేరు పెట్టేది మళ్ళీ పోవడానికి. అక్కడ మనకేం పని?"

'పాత పేరు లేదు' అని లేయా పుస్తకంలో రాసుకుని సంతోషించింది. పోటీ తప్పిందనుకుంది. పౌలూసీ చెప్పిన నలభై పేర్లలో మనిషి పేరు ఒక్కటి కూడా లేదు. రెండు భాషలు విడమరిచే చెవికి ఆ సంగతి మాత్రం తగల్లేదు.

లేయా లేచి వెళుతుంటే వెనక నుంచి పౌలూసీ, "మనిషి పేరు..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. లేయా తిరిగి చూస్తే మళ్ళీ తాడు కొస నోట్లో పెట్టుకుని ఉన్నాడు.

తర్వాతి ఇంట్లోనూ "పిల్ల బాగుందా?" అన్నారు. ఆ పైయింట్లో "దగ్గేమన్నా ఉందా పిల్లకి? ఎండాకాలం మంచు మంచిది కాదు, జాగ్రత్త తల్లీ," అన్నారు. మీటింగుకి వస్తామన్నవాళ్ళు లేరు, రామన్నవాళ్ళూ లేరు. మనవాళ్ళకి ఎంత అభిమానం పిల్లంటే అనుకుంటూ లేయా ఆఫీసుకి వెళ్ళిపోయింది.

సాయంత్రం బడి వదిలిన చాలాసేపటికీ జేనీ ఇంటికి రాలేదు. ఈ నెలలో చీకటి పడదు గనక పిల్లలు వేళ మరిచి ఆడుతారు, అందుకని లేయా మొదట్లో కంగారుపడలేదు. తర్వాత బడికెళ్ళింది, దుకాణానికెళ్ళింది. ఒడ్డుకి పరిగెత్తేసరికి పడమటి నుంచి పౌలూసీ మోటారు మంచుబండి వస్తోంది. ముందు కూచోబెట్టుకున్నది జేనీని.

"గుట్ట మీంచి చూశా. ఒక్కతే నడుస్తోంది," అన్నాడు పౌలూసీ బండి ఆపి. లేయా మొహంలోకి చూడకుండా, "చీలేచోటు ఇంకా దూరమేలే. బూట్లు తడిశాయి, మార్చు," అని ఇంజను మోత చేసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఇంట్లోకి తెచ్చి కోటు విప్పితే జేబుల నిండా బిస్కెట్లు.

"ఎక్కడికే నువ్వు పోయేది? ఎక్కడికి?"

"నా దీవికి. బళ్ళో అందరూ నీ దీవి ఎలా ఉంటుందని అడుగుతున్నారు. నాకేం తెలుసు? చూసి, బిస్కెట్లు అక్కడ పెట్టి, మళ్ళీ పోయినప్పుడు తిందామని..."

భయం కోపమై లేయా చెయ్యి పైకి లేచింది.

"మీ నాన్న మీద చెయ్యెత్తుతున్నావా?" అంది ఉలాయుక్.

గొంతు పెంచలేదు. లేయా చెయ్యి గాల్లోనే ఆగి, ఏం చెయ్యాలో తెలియక తన జుట్టే సవరించుకుంది. ఉలాయుక్ మనవరాలిని దగ్గరికి లాక్కుని తడి బూట్లు ఊడదీసింది. ఆ చిన్న పాదాలు రెండూ తన చొక్కా లోపల, ఒట్టి పొట్టకి ఆనించి పెట్టుకుంది. అవి వెచ్చబడేదాకా వదల్లేదు.

మీటింగు రోజు వాతావరణం దివ్యంగా ఉంది. ఊరంతా వచ్చింది. పసిపిల్లల్ని వీపున కోట్ల టోపీల్లో వేసుకుని ఆడవాళ్ళు గోడల వెంబడి నిలబడ్డారు. జేనీ పిల్లలతో బల్లల కింద దూరి ఆడుతోంది. కమిటీ పెద్ద ఫెంటన్ పొడుగాటి మనిషి. మర్యాదస్తుడు. పటం బల్ల మీద పరిచి నాలుగు మూలలా నాలుగు టీ కప్పులు పెట్టాడు. పక్కన బ్రాక్స్‌బీ కూతురు, నెరిసిన జుట్టు. చట్రం కట్టిన ఫొటో ఒకటి గుండెలకు హత్తుకుని కూర్చుంది.

ఆ ఫొటో అందరి చేతులూ తిరిగి లేయా దగ్గరికొచ్చింది. దీవి తల మీద రాళ్ళ కుప్ప, దాని మీద జెండా, పక్కన నవ్వుతూ సార్జెంటు. ఆయన కాళ్ళ ముందు మంచు మీద పొడుగాటి నీడ ఒకటి, టోపీ బొచ్చుతో సహా. ఫొటో తీసినవాడి నీడ. ఆ రోజు ఆ దీవి మీద ఉన్నది ఇద్దరే. పదకొండేళ్ళప్పుడు హాస్టల్లో ఉత్తరం చదివి తండ్రి పోయాడని తెలుసుకున్న లేయాకి, ఆయన ఆఖరి రోజు కనబడటం ఇదే మొదలు. ఆ నీడ మీద వేలు పెట్టింది. తర్వాత లేచి నిలబడి, పాత రికార్డుల్లో వెతికి పట్టిన డైరీ నకలు రెండు భాషల్లోనూ చదివింది.

"గైడు ఇవాళే తిరిగి పోదామంటున్నాడు. మంచు రంగు మారిందట. వీళ్ళకెప్పుడూ ఏదో ఒక భయం. మబ్బు విడితే సూర్యుణ్ణి కొలవాలి. ఇంకో రోజు ఉంటాం." కాగితం తిప్పింది. "గైడు అజాగ్రత్త వల్ల నీళ్ళలో పోయాడు. కుక్కలు దారి ఎరిగినవి కనక క్షేమంగా చేరాను."

బ్రాక్స్‌బీ కూతురు తల వంచుకుంది. ఫెంటన్ కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

"ఈ కాగితం మాకు తెలీదు," అన్నాడు చివరికి. "ఓడలు తిరగబోతున్నాయి, పేరు లేకుండా పటం అచ్చెయ్యలేం. కానీ ఏ పేరన్నది తేలలేదు. కౌనాక్ పేరుకి నా అభ్యంతరం లేదు. కమిటీ కూడా కాదనదు."

గెలిచింది. రెండేళ్ళ తర్వాత, ఇంత సులువుగా. లేయా ఊరివాళ్ళ మొహాలకేసి చూసింది. ఒక్క కనుబొమ కూడా లేవలేదు. అందరూ బల్లల కింది పిల్లలకేసి చూస్తున్నారు.

"ఒక మాట. ఆయన భార్య ఇక్కడే ఉన్నారు కదా. ఆవిడ అనుమతి అడగడం మర్యాద," అన్నాడు ఫెంటన్.

ఉలాయుక్ లేచింది. ఊరి మీటింగుల్లో ఆమె లేవడం ఎవరూ ఎరగరు. కూతురికేసే చూస్తూ, కూతురు అనువదించడానికి వీలుగా, మాట మాటకీ ఆగుతూ మాట్లాడింది.

"నా మొగుడు ఇరవై ఏళ్ళు ఆ చలిలో ఉన్నాడు. ఎనిమిదేళ్ళ కింద ఇంటికొచ్చాడు. ఇప్పుడు నా దగ్గర తింటాడు, నా పక్కన పడుకుంటాడు, బూట్లు తడుపుకొస్తాడు. మొన్న ఆయన పేరు ఆ దీవి బొమ్మ పైన రాశారు. నిన్న ఆయన లేచి అటే నడిచాడు."

లేయా చెప్పలేదు. హాలంతా ఎదురుచూస్తోంది. తెల్లవాళ్ళు ఇద్దరికీ మన భాష ముక్క రాదు. 'మా అమ్మకి సంతోషం' అంటే చాలు. పటం అచ్చయిపోతుంది. 'అజాగ్రత్త' అన్న మాట మీద తండ్రి పేరు కొండలా కూర్చుంటుంది. ఊళ్ళో ఇంగ్లీషు వచ్చిన కుర్రకారున్నా, మర్యాదస్తులు కదా, మీటింగులో ఎవరూ అడ్డురారు. ఆ మర్యాద ఎంతదో లేయాకి అప్పుడు తెలిసింది. రెండేళ్ళుగా ఊరంతా తన బిడ్డ గురించి భయపడుతూ, తనని నొప్పించలేక "పిల్ల బాగుందా" అని మాత్రం అడుగుతూ వచ్చింది.

బల్ల కింద జేనీ పకపకా నవ్వింది.

లేయా చెప్పింది. తల్లి అన్నది అన్నట్టుగా, ఒక్క మాట మింగకుండా.

"మరి ఏ పేరు పెట్టమంటారు?" అన్నాడు ఫెంటన్ తెల్లబోయి.

ఉలాయుక్ ఊరివాళ్ళ వైపు తిరిగింది. "ఆ సార్జెంటు పేరు మనలో ఎవరైనా బిడ్డకి పెట్టుకున్నారా?"

హాలంతా ముక్కులు ముడుచుకున్నాయి. పౌలూసీ ముక్కయితే మొహంలోంచే మాయమైంది.

"అయితే అదే పెట్టండి," అంది ఉలాయుక్.

లేయా అదీ చెప్పింది. చెపుతుంటే ఎవరో తన నోట్లో చెయ్యి పెట్టి నాలుక కదుపుతున్నట్టనిపించింది. ఫెంటన్ నెమ్మదిగా లేచి నిలబడి, ఇంత పెద్ద మనసు తన జీవితంలో చూడలేదన్నాడు. భర్తను పోగొట్టుకున్న మనిషే క్షమించిందని నివేదికలో రాయిస్తానన్నాడు. బ్రాక్స్‌బీ కూతురు వచ్చి ఉలాయుక్ చేతులు రెండూ పట్టుకుని బావురుమంది.

"ఏమంటోంది ఈవిడ?"

"నువ్వు క్షమించావట. కృతజ్ఞత చెపుతోంది." లేయా తల్లికి దగ్గరగా వంగింది. "అది కాదని చెప్పనా అమ్మా? చెప్పేస్తాను."

ఉలాయుక్ ఆ ఏడుస్తున్న మొహాన్ని పరీక్షగా చూసింది. జాలిగానే చూసింది. చెయ్యి విడిపించుకోలేదు.

"వద్దులే, ఏడవనీ. వాళ్ళ నాన్న ఇకనుంచి ఆ దీవి చలిలోనే ఉంటాడు. పిచ్చిది, దానికింకా తెలీదు."

లేయా దీన్ని మాత్రం చెప్పలేదు.

విమానం వెళ్ళిపోయాక ఇంటికొచ్చారు. పౌలూసీ అప్పుడే కొట్టిన సీల్‌ను గుమ్మంలో వదిలి వెళ్ళాడు, ఇంకా వెచ్చగానే ఉంది. మాంసం పరుచుకోవడానికి ఉలాయుక్ అట్ట కోసం వెతికింది. గోడవారనున్నదాన్ని తీసి, అక్షరాలు కిందికి వచ్చేలా నేల మీద పరిచి, కూతురి మొహం చూసింది. లేయా కనుబొమలెత్తింది. ఉలాయుక్ సీల్ పొట్ట చీల్చింది. నెత్తురు అట్టలోకి మెల్లగా ఇంకింది.

తండ్రి పేరు ఇక ఏ పటం మీదా ఉండదు. డైరీలో అజాగ్రత్త గైడు ఉంటాడు, అతనికి పేరు లేదు. నివేదికలో క్షమించిన భార్య ఉంటుంది, ఆమె ఎవరినీ క్షమించలేదు. రెండేళ్ళ అర్జీలు, ఆ నీడ అన్నీ లేయా కళ్ళ ముందు తిరిగాయి. ఏడుద్దామంటే ఏడుపూ రాలేదు.

"నా దీవి బొమ్మ ఏదీ?" అంది జేనీ.

"నీ దీవి కాదయ్యా అది. వేరేవాడు తీసుకున్నాడు."

"మరి నాకు?"

"నీకు బూట్లు," అంది ఉలాయుక్. చేతులు తుడుచుకుని, మొన్నటి తోలు దగ్గరికి లాక్కుని, చిల్లు మీద చిన్న అతుకు పెట్టి చూసుకుంది. నీటిబొట్టు దూరకుండా కుట్టాలంటే సూది అతుకు తోలు మందంలో సగం దాకానే దిగాలి, అవతలికి రాకూడదు. నానిన దారం కొస పళ్ళతో సన్నం చేసి మొదలుపెట్టింది.

లేయా వెచ్చటి కాలేయం ముక్క కోసింది. తలుపు దగ్గర అలిగి నిలబడ్డ బిడ్డకేసి చేయి చాచింది.

"నాన్నా, రా. తిందువు గాని."

జేనీ వెనక్కి తిరిగి తలుపు వైపు చూసింది, ఎవరొచ్చారా అని. అక్కడ ఎవరూ లేరు. లేయా మళ్ళీ పిలిచింది.